గుమ్మం లేని జాడీ

పోయిన మనిషి శవం దొరకనప్పుడు ఇంటివాళ్ళు చెయ్యాల్సిన పనులు ఇవి.

ఆయన చివరిసారి విడిచిన అంగీ పట్టుకుని ఇంటికప్పు ఎక్కాలి. ఉత్తరం వైపు తిరిగి, వెనక్కి వచ్చెయ్యమని మూడుసార్లు గొంతెత్తి పిలవాలి. ఎక్కిన వైపు నుంచి దిగకూడదు. ఆ అంగీని మడిచి బుట్టలో పెట్టి, దాని ముందు రోజూ ఒక గిన్నె జావ ఉంచాలి. కొండవాలులో గొయ్యి తవ్వి ఇటుకలతో గది కట్టాలి. జీవుడు వచ్చి ఉండటానికి ఒక జాడీ చెయ్యాలి. జాడీ పైన మేడలు, వాకిళ్ళు నిలబెట్టాలి. వాటి మీద పిట్టల్ని వాల్చాలి, దారి తప్పిన జీవుణ్ణి ఇంటికి తోలుకొచ్చేవి పిట్టలే గనక. జాడీ నోట్లో కొత్త బియ్యం పోసి మూత వేసెయ్యాలి. అన్నిటికీ మించి, జాడీ భుజం కింద చిటికెనవేలు పట్టేంత బెజ్జం ఒకటి పెట్టాలి. జీవుడు లోపలికి వెళ్ళే గుమ్మం అదే. మట్టి పచ్చిగా ఉన్నప్పుడే, వెదురు పుల్లతో, ఒక్క పోటులో పెట్టాలి. కొడుకే పెట్టాలి.

షెంగ్ బో పోయి నలభై రోజులైంది. గిన్నెల పడవ వేసుకుని దిగువకి వెళ్ళాడు. సముద్రం వైపు నుంచి పోటు ఎదురొచ్చి పడవ తిరగబడింది. గడ్డి చుట్టిన గిన్నెల కట్టలు కొన్ని ఒడ్డుకి కొట్టుకొచ్చాయి గానీ ఆయన రాలేదు. కొడుకు కువో కప్పెక్కి పిలిచాడు. గొయ్యి తవ్వించాడు. ఇటుకలు మోశాడు. ఇక మిగిలినవి జాడీ, బెజ్జం.

జాడీ తనే చేస్తానని కువో అనుకోవడం కాదు, మరొకలా జరగొచ్చని అతనికి తోచనే లేదు.

"జాడీ సంగతి అల్లుడికి చెప్పాను," అంది తల్లి ఒకరోజు పొద్దున్న, అందరి జావల్లోకీ ఊరేసిన చిక్కుడుగింజలు వేస్తూ.

"ఏమని?"

"చెయ్యమని."

కువో గిన్నె కింద పెట్టాడు. "కొడుకుని నేనుండగా అల్లుడు చెయ్యడమేంటమ్మా? ఊళ్ళో ఏమనుకుంటారు?"

"ఊళ్ళోవాళ్ళు వెళ్ళి ఆ జాడీలో కూర్చోరు కదరా. కూర్చునేది మీ నాన్న."

"నా పిట్టలకేం వచ్చింది?"

"ఏం రాలేదు నాయనా. శుభ్రంగా ఉంటాయి. వరసగా నిలబడతాయి, పన్నులవాళ్ళొస్తే ఊరు నిలబడ్డట్టు."

పక్కన కూర్చున్న చెల్లెలు రోంగ్ నవ్వాపుకోబోయి దగ్గింది. ఆమె మొగుడు మెంగ్ యాన్ మాత్రం తలెత్తలేదు. జావలో ఏదో పడ్డట్టు గిన్నెలోకే చూస్తూ ఉండిపోయాడు.

"ఆయనకి యాన్ పిట్టలంటే ఇష్టం, అంతే," అంది తల్లి. "బెజ్జం ఎలాగూ నీదే కదా. నీ చెయ్యి పడందే అది జాడీయే కాదు."

విందులో పిల్లాడికి చేప తోక చేతికిచ్చి పొమ్మన్నట్టుంది కువోకి.

షాంగ్యూ కొండల్లో, జిన్ రాజుల ఆ రోజుల్లో, ఆకుపచ్చ పూత పాత్రలు చేసే ప్రతి పాకలోనూ బొమ్మలు అతికేవాళ్ళు వేరుగా ఉండేవారు. సారె మీద పాత్ర తిప్పేవాడు తిప్పి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత దాని భుజం చుట్టూ అల్లిక గీతల పట్టీ దొర్లించడం, కోరల మొహాలూ ఎలుగుబంట్లూ అచ్చుల్లో ఒత్తి తీసి తడి మట్టితో అతకడం వీళ్ళ పని. షెంగ్ బో ఆ పనిలో పండినవాడు. కువో పంతొమ్మిదేళ్ళు ఆయన పక్కనే కూర్చుని పని చేశాడు. ఇద్దరి బల్లలూ ఒకదాని పక్కన ఒకటి. తండ్రి చెక్కిన అచ్చులే కువో వాడేవాడు. అచ్చులోంచి పిట్ట ఎలా రావాలో అలాగే వచ్చేది, రెక్క అంచు ఎక్కడా చెదరకుండా. అది తక్కువ పనేం కాదు. పదిమందిలో తొమ్మిదిమందికి చేతకాదు.

మెంగ్ యాన్ పెంకులు చేసుకునేవాడు. నది అవతల ఊరు. అమ్మా నాన్నా ఎవరో తెలియదు, పెంకులవాళ్ళు పెంచారు. నాలుగేళ్ళ కిందట రోంగ్‌ని చేసుకుని ఈ పాకకి వచ్చాడు. మొదటి ఏడాది మట్టి తొక్కాడు. రెండో ఏడు ఒకనాడు మధ్యాహ్నం, మిగిలిపోయిన మట్టిముద్ద తీసుకుని, అచ్చు లేకుండా వేళ్ళతోనే ఒక పిట్టని చేశాడు. మెడ వెనక్కి తిప్పి రెక్క కింద ముక్కుతో గోక్కుంటున్న పిట్ట. పెద్ద బాగా కూడా లేదు, ఒక కాలు పొట్టి.

షెంగ్ బో ఆ పిట్టని అరచేతిలో పెట్టుకున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ తిప్పాడు. పక్క బల్ల దగ్గర కువో చేతిలో అచ్చు అలాగే ఉండిపోయింది. అన్నేళ్ళలో తను చేసినది ఏదీ నాన్న అలా తిప్పి చూడలేదు. "ఊఁ, బాగుంది, తర్వాతది," అనేవాడు. ఆ "బాగుంది" మీదే కువో ఇన్నేళ్ళూ బతికాడు. ఆ రోజు నుంచి ఆ మాట వింటే చప్పగా అనిపించేది.

అతని పెళ్ళాం పురిట్లో పోయి ఆరేళ్ళు. పిల్లలు లేరు. నాన్న పక్కన ఆ బల్ల తప్ప కువోకి ఇంకేం లేదు. ఇప్పుడు నాన్న కూర్చునే బల్ల మీద యాన్ కూర్చుని నాన్న జాడీ చేస్తున్నాడు.

పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ కువో పక్కనే కూర్చుని గిన్నెల అంచులకి పట్టీలు దొర్లించాడు. చూడకూడదనుకుంటూనే చూశాడు. మొదట మేడ లేచింది, మూడంతస్తులు. తర్వాత వాకిలి, వాకిలికి అటూ ఇటూ కాపలా కుక్కలు. వాటి చుట్టూ డప్పులు కొట్టేవాళ్ళు, పందిని తోలుకెళ్తున్న ఆడమనిషి. ఆ తర్వాత పిట్టలు మొదలయ్యాయి. ఒకటి నీళ్ళు దులుపుకుంటోంది. ఒకటి పక్కదాని మీద విసుక్కుంటోంది. రెండు ఒక పురుగు కోసం లాక్కుంటున్నాయి. ఒకటి కప్పు అంచు నుంచి జారబోతూ రెక్కలు విప్పింది. ఏ రెండూ ఒకేలా లేవు. కువో లెక్కపెట్టాడు. నలభై ఒకటి. వాటిలో ఒక్కటైనా పాడుగా ఉంటుందేమోనని రెండోసారి లెక్కపెట్టాడు.

పూత కలిపే తాంగ్ తాత కట్టె పొడుచుకుంటూ వచ్చి చూశాడు. పాత్రలు కాల్చే ఆవం ఎప్పుడు మూయాలో, ఎప్పుడు తెరవాలో చెప్పేది కూడా ఆయనే.

"ఒరే కువో, నీ బావమరిది పిట్టలు చూశావా? కాస్త గట్టిగా తుమ్మితే ఎగిరిపోయేట్టున్నాయి."

"చూశాను తాతా."

"నీ పిట్టలైతే ఎంత తుమ్మినా కదలవు. నమ్మకమైన పిట్టలు."

పాకంతా నవ్వింది. కువో కూడా నవ్వాడు. నవ్వకపోతే ఇంకా అలుసవుతాడు. చేతి కింద అల్లిక పట్టీ మాత్రం ఒక చోట వంకర పోయింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి.

తొమ్మిదోనాడు యాన్ లేచి వచ్చాడు. చేతిలో బొటనవేలంత మట్టిమనిషి, కాళ్ళు ఇంకా పెట్టలేదు.

"బావా, మావయ్యని కూడా వాకిలి దగ్గర కూర్చోబెడదామని. పొద్దున్నే జావ తాగుతూ కూర్చునేవాడు కదా. కాళ్ళు ఎలా పెట్టుకునేవాడో మీకు గుర్తుందా?"

కువోకి తెలుసు. ఆయన గొంతుక్కూర్చుని, ఎడమ పాదం మీద కుడి పాదం వేసుకునేవాడు. చలికాలంలో ఒక పాదం ఇంకో పాదాన్ని వెచ్చగా ఉంచుతుందనేవాడు. ఎండాకాలంలో కూడా అలాగే కూర్చునేవాడు.

"గుర్తులేదు," అన్నాడు కువో. "పనిమీద ఉండేవాణ్ణి. ఎవరి కాళ్ళు ఎక్కడున్నాయో చూసే తీరిక నాకెక్కడిది."

యాన్ "సరే బావా," అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం అందరూ వెళ్ళాక కువో జాడీ దగ్గరికి వెళ్ళాడు. వాకిలి పక్కన మట్టిమనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో గిన్నె. ఎడమ పాదం మీద కుడి పాదం.

తెలిసి కూడా ఎందుకడిగినట్టు? తనని కూడా ఆ పనిలో కలుపుకుందామనా? మంచితనం చూపిద్దామనా? ఏదైనా కువోకి ఒకటే. నాన్న పాదం మీద పాదం వేసుకోవడం తన ఒక్కడి దగ్గరే దాచుకున్న సంగతి అనుకున్నాడు. దాన్ని ఈ పెంకులవాడు నాలుగేళ్ళలో ఎప్పుడో చూసి, దాచుకుని, ఇప్పుడు బయటికి తీసి అందరూ చూసేలా పెట్టాడు. కడుపులో మంట ఎంతగా రేగిందంటే, చెయ్యి దానంతటదే ఆ మట్టిమనిషి మీదకి వెళ్ళింది. వేలు ఆనిస్తే చాలు, నలిగిపోతాడు. కానీ నాన్న కదా. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పదకొండోనాడు యాన్ అన్నాడు, "రేపు పొద్దుటికి మట్టి సరిగ్గా బిగుస్తుంది బావా. మీరొచ్చి బెజ్జం పెట్టెయ్యండి. ఎక్కడ పెడతారో మీ ఇష్టం."

"నా ఇష్టమా," అన్నాడు కువో. "జాడీలో నా ఇష్టానికి వదిలింది చిటికెనవేలంత అన్నమాట."

"అలా కాదు బావా..."

"వస్తాలే."

మర్నాడు పొద్దున్నే కువో గొడ్డలి తీసుకుని కొండెక్కాడు. ఆవానికి దేవదారు కట్టెలు తక్కువపడ్డాయని రోంగ్‌తో చెప్పాడు. తక్కువ పడలేదు. అతని ఆలోచన వేరు. బెజ్జం లేకుండా జాడీ ఆవంలోకి వెళ్ళడానికి వీల్లేదు. ఎండిపోతే బెజ్జం పెట్టడానికి వీల్లేదు. కాబట్టి యానే కొండెక్కి రావాలి. కట్టెలు కొట్టేవాళ్ళందరి ముందూ నిలబడి, బావా మీరు లేకపోతే కాదు, దిగి రండి అనాలి. ఆ ఒక్క మాట వింటే చాలు. విని, గొడ్డలి నెమ్మదిగా తుడుచుకుని, సరే పద అంటాడు. రాత్రి పడుకుని ఎన్ని రకాలుగా అనాలో కూడా అనుకుని పెట్టుకున్నాడు.

ఆ రోజు ఎవరూ రాలేదు. రాత్రి కట్టెలవాళ్ళ గుడిసెలోనే పడుకున్నాడు. రెండో రోజు చెట్టు మీద గొడ్డలి వేసిన ప్రతిసారీ బాట వైపు చూశాడు. కట్టెలు కొట్టేవాడొకడు అన్నాడు, "ఏమోయ్, పెళ్ళికూతురివాళ్ళు వస్తారని చూస్తున్నావా?" మూడోనాడు చినుకులు పడ్డాయి. కువో దిగివచ్చేసరికి ఆవం వాకిలి ఇటుకలతో మూసేసి ఉంది. జాడీ పూత పూసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కువో ఎవర్నీ ఏమీ అడగలేదు. అడగాల్సిన పనిలేదు. జాడీ లోపలికి వెళ్ళిందంటే బెజ్జం పడిందన్నమాట. తను లేనప్పుడు వాడే పెట్టేశాడు. మేడలు వాడివి, పిట్టలు వాడివి, నాన్న పాదాలు వాడివి, ఆఖరికి కొడుకు పెట్టాల్సిన పోటు కూడా వాడిదే. ఆవం మండిన రెండు రోజులూ, చల్లారిన మూడు రోజులూ కువో ఈ ఒక్క సంగతినే నమిలాడు. యాన్ ఎదురుపడితే పక్కకి తప్పుకున్నాడు. రోంగ్ పిలిచినా అన్నానికి వెళ్ళలేదు. యాన్ కూడా అతని మొహంలోకి చూడలేదు. తప్పు చేసినవాడు చూస్తాడా అనుకున్నాడు కువో.

ఆరోనాటి పొద్దున్న తాంగ్ తాత వాకిలి ఇటుకలు తీయించాడు. జాడీని యాన్ రెండు చేతుల్లో ఎత్తి బయటికి తెచ్చి చాప మీద పెట్టాడు.

పనివాళ్ళు చాప చుట్టూ మూగారు. తాంగ్ తాత యాభై ఏళ్ళుగా పూతలు కలుపుతున్నాడు. ఎక్కువగా బూడిదరంగే వచ్చేది, అదృష్టం బాగుంటే కాస్త పచ్చ తేలేది. ఇది అలా లేదు. నానబెట్టిన పెసరపొట్టు నీళ్ళలో తేలితే ఎలా ఉంటుందో అలా ఉంది. పిట్టల రెక్కల మధ్య పూత చిక్కగా నిలిచి ముదురుపచ్చ అయింది, వీపుల మీద పలచబడి మెరిసింది. వాన వెలిసిన వెంటనే కప్పు మీద వాలినట్టున్నాయి.

"నేను చచ్చిపోయినా ఫర్వాలేదురా," అన్నాడు తాంగ్ తాత. "నా జాడీ కూడా నువ్వే చేద్దువుగాని."

తల్లి వచ్చి కూర్చుంది. ఏడ్చి ఏడ్చి చూపు మందగించింది ఆమెకి. ఒక్కొక్క పిట్టనీ వేలితో తడిమింది. మట్టిమనిషి పాదాల దగ్గర వేలు ఆగిపోయింది. "చూడవే రోంగ్, ఈయన సిగ్గులేకుండా ఇక్కడ కూడా ఎలా కూర్చున్నాడో," అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

కువో కూడా జాడీ ముందు కూర్చున్నాడు. వాడు పెట్టిన బెజ్జం చూడాలి. ఎక్కడ పెట్టాడు, నున్నగా వచ్చిందా, అంచు చీలిందా. భుజం కింద చుట్టూ వేలితో తడిమాడు. డప్పులవాళ్ళ వెనక చూశాడు. కుక్కల మధ్య, పంది కడుపు కింద చూశాడు. మళ్ళీ మొదటినుంచి తడిమాడు.

బెజ్జం లేదు.

తలెత్తితే యాన్ తనవైపే చూస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు రంగు చూస్తున్నారు, పిట్టలు చూస్తున్నారు. బొమ్మల సందున ఉండే చిన్న బెజ్జాన్ని ఎవరు వెతుకుతారు? కొడుకే పెట్టి ఉంటాడని అందరి లెక్క. ఎల్లుండి పూడ్చిపెట్టడానికి జ్యోతిష్కుడు రోజు పెట్టాడు. జాడీ ఇలాగే ఇటుకగదిలోకి వెళ్తుంది, పైన మట్టి కప్పేస్తారు. పిట్టలు నాన్నని నదిలోంచి కొండదాకా తోలుకొస్తాయి. ఆయన వచ్చి జాడీ చుట్టూ తిరుగుతాడు. తడుముకుంటాడు. లోపలికి దారి ఉండదు.

కువో యాన్ మోచెయ్యి పట్టుకుని పాక వెనక్కి, బంకమన్ను గుంతల దగ్గరికి లాక్కెళ్ళాడు.

"బెజ్జం ఏది?"

"మీరు పెట్టలేదు."

"నేను పెట్టకపోతే నువ్వు పెట్టొద్దా? జాడీ మొత్తం చేసినవాడివి, అదొక్కటీ చెయ్యలేకపోయావా?"

"అది నాది కాదు బావా." యాన్ గొంతు నెమ్మదిగానే ఉంది. "రెండు రోజులు తడిగుడ్డ కప్పి ఉంచాను. వస్తారనుకున్నాను. మూడోనాడు ఆవం మూసేస్తానన్నాడు తాత. అప్పుడు పుల్ల తీసి చేతిలో పట్టుకున్నాను. పెట్టలేకపోయాను."

"కొండెక్కి నన్ను పిలవొచ్చుగా!"

"పిలవొచ్చు." యాన్ చూపు గుంత వైపు తిప్పుకున్నాడు. "పిలవబుద్ధి కాలేదు. ఎందుకో చెప్పమంటారా? మీ మీద కుళ్ళు బావా."

కువోకి వెంటనే అర్థం కాలేదు. "నా మీదా? నీకా?"

"మావయ్య నా పిట్టని చూసేవాడు. అదీ చాలాసేపు చూసేవాడు. అది పెట్టేశాక మిమ్మల్ని చూసేవాడు. నన్ను కాదు. నాలుగేళ్ళు ఆయన పక్కన పనిచేశాను, ఒక్కసారి పేరు పెట్టి పిలవలేదు. 'పెంకులబ్బాయ్' అనేవాడు. 'మా కువో' అనేవాడు మిమ్మల్ని. ఆయన జాడీలోకి వెళ్ళే గుమ్మం మీ చేతిలో ఉంది. మీరేమో అది అక్కర్లేదని కొండెక్కి కట్టెలు కొడుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. బెజ్జం లేదని బయటపడితే అందరూ మిమ్మల్నే అంటారు కదా అనుకున్నాను. ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది. తర్వాత ఆవం అంటించేశారు."

కువో గుంత అంచున కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ మంట తనొక్కడిదే అనుకున్నాడు. ఎదుటివాడి కడుపులో కూడా అదే రగులుతుంటే, దానికి కారణం తనే అయితే, ఎలా ఉంటుందో అతనికి తెలియదు. నిజం చెప్పాలంటే కొంచెం బాగానే అనిపించింది. మా కువో అనేవాడట. తన ముందు ఎప్పుడూ అనలేదు. ఆ బాగుండటం ఎక్కువసేపు నిలవలేదు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు యాన్.

"బరమాతో తొలవాలి."

"కాల్చినదాన్నా? పగులుతుంది."

"పగలొచ్చు."

అదే అసలు భయం. తాడు బరమా తెచ్చి, ఇసుకా నీళ్ళూ వేసి నెమ్మదిగా తొలిస్తే బెజ్జం పడుతుంది. విరిగిన పాత్రల మీద కువో చేసి చూశాడు. మూడింటిలో ఒకటి పగిలేది. కానీ భయం జాడీ గట్టితనం గురించి కాదు. తన చెయ్యి గురించి. పదకొండు రోజులు ఈ జాడీ పగిలిపోతే బాగుండునని కోరుకున్న చెయ్యి అది. ఒక్క వీసమెత్తు ఎక్కువ నొక్కితే చాలు. పగిలాక, కావాలని నొక్కాడో జారి నొక్కాడో ఎవరికి తెలుస్తుంది? తనకైనా తెలుస్తుందా?

తల్లికి చెప్పక తప్పలేదు. ఏదీ దాచకుండా చెప్పాడు, కట్టెలు తక్కువపడలేదన్నది కూడా. ఆమె ముందు విన్నది. విని, తన పక్కనున్న చీపురుకట్ట తీసి అతని భుజం మీద రెండు దెబ్బలు వేసింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కొడుకు కదలకుండా కూర్చున్నాడు.

"నువ్వూ రా ఇటు," అంది యాన్‌తో.

"అత్తయ్యా..."

"రమ్మన్నానా?" అతనికీ రెండు పడ్డాయి. తర్వాత చీపురు పక్కన పెట్టింది. "పగిలితే పగలనివ్వండి. తలుపు లేని ఇల్లు ఎంత అందంగా ఉంటే నాకెందుకు? ఆయన రెండు నెలలుగా తడిబట్టలతో ఉన్నాడు."

మర్నాడు తెల్లవారాక, పాక ముందు వెలుతురులో, ఒక గంపలో తడి ఇసుక పోసి జాడీని సగందాకా అందులో కూర్చోబెట్టారు. పనివాళ్ళు దూరంగా నిలబడ్డారు. ఎవరూ అడక్కపోయినా సంగతి అందరికీ తెలిసిపోయింది.

"నువ్వు పట్టుకో," అన్నాడు కువో యాన్‌తో. "రెండు చేతులతో లోపలినుంచి, బయటినుంచి పట్టుకో. నా చెయ్యి ఎక్కువ నొక్కితే నీకు తెలుస్తుంది. ఆపెయ్యమని చెప్పు. నేను ఆపకపోతే తన్ను."

"సరిగ్గా ఇక్కడ పెట్టండి బావా, చోటుంది," యాన్ చూపించాడు. "ఈ పిట్ట అడ్డం అయితే దీన్ని అరగదీసెయ్యండి. ఒకటి పోతే ఏం."

పురుగు కోసం లాక్కుంటున్న రెండింటిలో ఒకటి అది. అరగదీస్తే రెండోది ఒక్కతే గాల్లో లాక్కుంటూ ఉండిపోతుంది. కువో దానివైపు చూశాడు. అసూయ లేకుండా చూశాడని చెబితే అబద్ధం. ఇలాంటిది తను ఈ జన్మలో చెయ్యలేడు. చెయ్యలేడు గనక అరగదీయడం ఎంత సుఖంగా ఉంటుందో కూడా అతనికి తెలిసింది. "నీ పిట్ట జోలికి నేను పోను," అని కాస్త దిగువగా, చెయ్యి ఒంచి పట్టుకోవాల్సిన చోట బరమా ముల్లు ఆనించాడు.

తాడు ఇటు లాగితే ముల్లు ఇటు తిరుగుతుంది, అటు లాగితే అటు. చిటికెడు ఇసుక, రెండు చుక్కల నీళ్ళు. మళ్ళీ తాడు. ముందు పూత గరగరలాడింది. కాసేపటికి బూడిదరంగు మట్టి బయటపడింది. మోచెయ్యి లాగేస్తోంది. పొద్దు నెత్తిమీదికొచ్చింది.

"బావా, చెయ్యి," అన్నాడు యాన్.

కువో ఆపాడు. తను ఎక్కువ నొక్కుతున్నట్టు అతనికి తెలియనే లేదు. చెమట తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఇంకోసారి, "బావా." మళ్ళీ ఆపాడు. మూడోసారి యాన్ మాట్లాడకుండా పాదంతో అతని మోకాలు తన్నాడు. తాంగ్ తాత దూరం నుంచి, "అబ్బో, అల్లుడు బావని తన్నే చోద్యం ఇవాళ చూశాం," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం దాకా సాగింది. పొద్దు వాలుతుండగా ముల్లు ఒక్కసారి లోపలికి దిగింది. దానితోపాటు చిన్న చప్పుడు. గోరు విరిగినట్టు.

బెజ్జం పడింది. దాని పై అంచు నుంచి వెంట్రుకంత బీట ఒకటి లేచి, వంకరగా పైకి పాకి, పురుగు కోసం లాక్కుంటున్న పిట్ట కాలి కింద ఆగిపోయింది. యాన్ జాడీని వదల్లేదు. చాలాసేపటి తర్వాత వేలితో మెల్లగా తట్టాడు. చప్పుడు బొంగురుగా వచ్చింది గానీ జాడీ నిలబడింది.

తల్లిని తీసుకొచ్చి చూపించారు. ఆమె చిటికెనవేలు బెజ్జంలో పెట్టింది, పట్టింది. బీట వెంట వేలు పోనిచ్చింది. "గుమ్మం పెట్టమంటే బాట కూడా వేశారు," అంది. "సరే. ఆయనకి నడవడం ఇష్టమే."

మరునాడు కొండవాలులో జాడీని పెట్టారు. పెట్టేముందు చుట్టూ నిలబడ్డవాళ్ళు బీటని చూశారు, పూత ఊడిన బెజ్జం అంచుని చూశారు. వెనక ఎవరో అన్నారు, "ఓర్వలేక పగలగొట్టబోయాడట, బావమరిది పట్టుకున్నాడట." కువో విన్నాడు. అందులో ఎంత అబద్ధమో ఎంత నిజమో విడదీసి చెప్పడం తన వల్ల కాదు. అందుకని ఊరుకున్నాడు. యాన్ వెనక్కి తిరిగి ఏదో అనబోతే చెయ్యి పట్టి ఆపాడు.

ఆ తర్వాత కువో కడుపుమంట చల్లారిపోయిందని చెప్పలేను. వాళ్ళిద్దరూ ఇంకా ఇరవై మూడేళ్ళు ఒకే పాకలో, ఆ రెండు బల్లల మీద పనిచేశారు. యాన్ కొత్త పిట్టని చేసి పెట్టిన ప్రతిసారీ కువోకి గుండె కింద ఎక్కడో చురుక్కుమనేది. ముసలితనంలో కూడా. ఆ మాట దాచుకునేవాడు కాదు. "ఇవాళ కూడా కుళ్ళుకున్నానోయ్," అనేవాడు. "నేనూ మొన్న కుళ్ళుకున్నాను బావా, మీ పట్టీ చూసి," అనేవాడు యాన్. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. కానీ దూరం ఊళ్ళ నుంచి జాడీల కోసం వచ్చినవాళ్ళు ఇవి ఎవరు చేశారని అడిగితే, యాన్ నోరు తెరిచేలోపే కువో ఆ పేరు చెప్పేసేవాడు. ఇంటిపేరుతో సహా, గట్టిగా, చెవిటివాళ్ళకి చెప్పినట్టు.

ఆ పాకల్లో చేసిన పాత్రల మీద చేసినవాడి పేరు ఉండదు. ఉంటే గింటే పోయినవాడి పేరు ఉంటుంది. షెంగ్ బో జాడీ ఆ కొండలోనే ఉంది. ఎప్పటికైనా ఎవరైనా తవ్వి తీస్తే, రంగు చూసి మెచ్చుకుంటారు, పిట్టలు లెక్కపెడతారు, బీట చూసి అయ్యో అంటారు. ఎవరు చేశారో చెప్పడానికి పక్కన కువో ఉండడు. అందుకని అతని బదులు నేను చెబుతున్నాను. నది అవతలి ఊరివాడు, అమ్మా నాన్నా తెలియనివాడు, పెంకులు చేసుకునేవాడు, అతని పేరు మెంగ్ యాన్. గుర్తుపెట్టుకోండి.